వారసత్వము విడువని కవి – గుఱ్ఱం జాషువా

మానవునికి పుట్టుకతో రెండు విధములైన వారసత్వములు లభించును. తల్లిదండ్రులు విడిచిపోవు ఇల్లు, పొలము, ధనము మొదటిది. వారు నమ్మిన దైవము, వారు మాట్లాడిన భాష రెండవది. మొదటి వారసత్వము లేనివారు లోకములో కోట్లకొలదిగా ఉన్నారు. రెండవది మాత్రము నిరుపేద గుడిసెలోనైనను ఉండును. దానిని అప్పులవాడు జప్తు చేయలేడు, కరవు తినివేయలేదు. అయితే ఆ రెండవ వారసత్వమునకును కాపలాదారులు బయలుదేరి, అది నీది కాదు పొమ్మన్నప్పుడు మనిషి ఏమి చేయవలెను? విడిచిపెట్టి పోవలెనా? పగబట్టి పగులగొట్టవలెనా? ఈ ప్రశ్నకు తన డెబ్బదియైదేండ్ల జీవితముతో సమాధానము చెప్పిన తెలుగు కవి గుఱ్ఱం జాషువా.

జాషువా పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. పాఠ్యపుస్తకములలో ఆయన పద్యము ఒకటి రెండైనను కంఠస్థము చేయని వారు అరుదు. కాని పద్యము వచ్చినంతగా ఆ పద్యము వెనుకనున్న జీవితము మనకు తెలియదు. కోరుకొండ పరిసరములలో నివసించు మాకు ఆ జీవితమును గూర్చి వ్రాయుటకు మరియొక కారణము కూడ కలదు. మనకు చేరువనున్న రాజమహేంద్రవరము ఆయనకు ఒక కష్టకాలములో అన్నము పెట్టిన ఊరు. అంతేకాక ఉర్దూ, తెలుగు భాషలు రెండును చదువుకొను మన విద్యార్థులకు, పారసీక కవి ఫిరదౌసిని తెలుగువాని హృదయములోనికి తెచ్చి కూర్చుండబెట్టిన ఆ మహాకవి ఏ విధముగను పరాయివాడు కాడు.

జాషువా 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండ ప్రాంతములో జన్మించినారు. నాడు అది గుంటూరు సీమ. 2022 నుండి పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు. తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. కులము గోడలు దాటి ఏర్పడిన ఆ సంసారము క్రైస్తవ మతము నీడలో నిలిచినది.

ఆ నీడ తెలుగుదేశమునకు వచ్చి అప్పటికి ఎంతో కాలము కాలేదు. గోదావరి మండలమున బౌడెన్, బీర్ అను ఇరువురు మిషనరీలు 1836లో వచ్చి నరసాపురము కేంద్రముగా పని మొదలుపెట్టినారు. 1842లో హెయ్యర్ దొర గుంటూరు చేరి లూథరన్ సంఘమునకు పునాది వేసినారు. 1876–78 నాటి మహాక్షామములో ఒంగోలు నందు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించినారు. కరవు తీవ్రముగా ఉన్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసి, తరువాత 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చినారు. ఆ వచ్చినవారిలో అత్యధికులు ఊరి వెలుపలి వాడలవారే. అన్నము కొరకు వచ్చినారని వారిని ఎగతాళి చేసినవారు ఉన్నారు. అన్నము కొరకు రావడములో అవమానము లేదు. కాని వారు అన్నముతో పాటు మరియొకటి కూడ కోరినారు. దేవుని ఎదుట తలయెత్తి నిలువగల చోటును కోరినారు. బడిలో పలక పట్టుకొను హక్కును కోరినారు. జాషువాకు దక్కిన క్రైస్తవ వారసత్వము ఇదియే.

ఆయన పేరు కూడ ఆ వారసత్వములోనిదే. యూదుల గ్రంథములలో యెహోషువ మోషే ప్రవక్తకు సేవకుడు, శిష్యుడు, అనంతరము వారసుడు. మనము ఆయనను యూషా అందుము. ఖుర్ఆను షరీఫులో మూసా ప్రవక్త సముద్రముల సంగమమును వెదకుచు బయలుదేరినప్పుడు వెంటనున్న యువకుడు ఈయనయే అని వ్యాఖ్యాతలు చెప్పుదురు. గురువు వెంట నడచి, గురువు ప్రవేశింపని భూమిలో అడుగుపెట్టినవాని పేరు అది. ఆ పేరు పెట్టుకొన్న బాలునికి వినుకొండ వీధులలో నడుచుటయే కష్టమైనది.

బడిలో తోటి బాలురు కులము పేరెత్తి హేళన చేసినారు. ఉపాధ్యాయులు కూడ ఆ విషయములో వెనుకబడలేదు. జాషువా మౌనముగా సహించిన బాలుడు కాడు. తిరగబడినాడు, చేయి చేసికొన్న సందర్భములును కలవు. బొమ్మలు గీయుట, పాడుట ఆయనకు చిన్ననాటనే అబ్బినవి. తరువాతి కాలమున కవిగా పేరొందిన దీపాల పిచ్చయ్య శాస్త్రి ఆయన బాల్యమిత్రుడు. ఆ స్నేహములో కవితాసక్తి మొలకెత్తినది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు కాళిదాసుని మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును పాఠము చెప్పినారు. ఈ సంగతిని మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఆ కాలమున మాదిగవాడ బిడ్డకు కాళిదాసును బోధించుటకు గురువునకు ధైర్యము కావలెను. పొందుటకు శిష్యునికి వినయము కావలెను. ఆ పాఠము వృథా పోలేదని ముందు చూడగలము.

వినుకొండలో ఒక అవధాన సభ జరిగినది. యువకుడైన జాషువా ఆ సభలో పద్యములు చదివినారు. పద్యము బాగుగా ఉన్నదా లేదా అను విచారణకు బదులు, ఈ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చినారు అను విచారణ బయలుదేరినది. తెలుగు పద్యమును ప్రాణముగా ప్రేమించినవానికి తెలుగు సభలోనే తలుపు మూసినారు.

1910లో ఆయనకు మేరీతో వివాహమైనది. మిషను పాఠశాలలో ఉపాధ్యాయోద్యోగము దొరికినది. జీతము నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగము కూడ నిలువలేదు. బ్రదుకు తెరువు వెదకుచు ఆయన రాజమహేంద్రవరము చేరినారు. 1915–16 సంవత్సరములలో అక్కడ సినిమా వాచకుడుగా పనిచేసినారు. ఈ ఉద్యోగమేమో నేటి విద్యార్థులకు వివరింపవలెను. ఫాల్కే గారి రాజా హరిశ్చంద్ర 1913లో వచ్చినది. నాటి చలనచిత్రములకు మాట లేదు. తెరపై బొమ్మలు కదలుచుండగా ప్రక్కన ఒక మనిషి నిలిచి, పాత్రల సంభాషణలను, కథను ప్రేక్షకులకు బిగ్గరగా వినిపించెడివాడు. జాషువా ఆ పని చేసినారు. నోరులేని బొమ్మలకు ఆయన నోరైనారు. ఏ ఊరిలో ఎవరు ఏ కులమువారో అడుగని ఆ చీకటిశాలలో, తన గొంతునకు జనము చెవి యొగ్గుదురని ఆ ఇరువదేండ్ల యువకునికి తెలిసియుండును. ఆయన తరువాత వ్రాసిన కావ్యములను చూచినచో, నోరులేనివారి పక్షమున మాట్లాడు ఆ వృత్తిని ఆయన జీవితాంతము మానలేదనియే చెప్పవలెను.

అనంతరము గుంటూరులో లూథరన్ సంఘము నడుపు ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేండ్లు పనిచేసినారు. ఉభయభాషా ప్రవీణులై 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితులుగా ఉన్నారు. ఆ కాలములోనే రుక్మిణీ కల్యాణము, కుశలవోపాఖ్యానము వంటి కృతులతో కవిగా ప్రసిద్ధి పొందసాగినారు. అప్పుడు రెండవ తలుపు మూసికొన్నది. క్రైస్తవుడై యుండి హిందూ పురాణకథలు కావ్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను వెలివేసినారు. కవిసభలో క్రైస్తవుడని, అంటరానివాడని నిరాకరణ. దేవుని ఇంటిలో హిందూ కవి యని నిరాకరణ. తల్లి లింగమ్మ కడుపున పుట్టిన నేరమునకు ఒక శిక్ష; హనుమచ్ఛాస్త్రి గారి వద్ద చదివిన నేరమునకు మరియొక శిక్ష.

ఈ స్థితిలో సామాన్యుడు రెండింటిలో ఒకదానిని వదలుకొనును. కాళిదాసును వదలి సంఘము మెప్పు పొందవచ్చును. లేదా క్రీస్తును వదలి పండితుల మెప్పు పొందవచ్చును. జాషువా రెండింటిని వదలలేదు. వెలివేసినవారిపై పగ సాధించుటకును పూనుకొనలేదు. ఆ బాధను కావ్యములో పెట్టినారు.

1932లో ఫిరదౌసి వెలువడినది. ఈ కథ మనవారికి సుపరిచితము. షానామా వ్రాసినచో పద్యమునకొక బంగారు నాణెము ఇత్తునని గజనీ మహమూదు మాట ఇచ్చినాడని, కవి ముప్పదియేండ్లు శ్రమించి అరువదివేల పద్యములు రచింపగా సుల్తాను మాట తప్పి వెండి నాణెములు పంపినాడని, కవి వాటిని తిరస్కరించి దేశము విడిచి పోయినాడని పరంపరగా చెప్పుదురు. సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన ధనము ఊరిలోనికి వచ్చుచుండగా కవి శవము ఊరి వెలుపలికి పోవుచున్నది. కుమార్తె ఆ ధనమును ముట్టలేదు. చరిత్రకారులు ఇందులో కొంత కల్పన యుందురు. ఉండనిండు. కూలి దక్కని కష్టజీవి దుఃఖమునకు ఈ కథకంటె గొప్ప రూపము ఏ భాషలోను మాకు కనబడలేదు. జాషువా ఆ కథను తెలుగు పద్యములో చెప్పినప్పుడు తూసు నగరపు ముసలి కవి తెలుగువారి ఇంటి పెద్దవలె కనబడినాడు.

ఈ సందర్భమున మరియొక సంగతి గుర్తుచేయుదుము. ఫిరదౌసి మరణించిన పిమ్మట ఆయన విశ్వాసమును శంకించి ఒక మతబోధకుడు ముస్లిముల స్మశానములో చోటు ఇయ్యనీయలేదని, అందుచే ఆయనను సొంత తోటలోనే ఖననము చేసినారని నిజామీ అరూజీ తన చహార్ మకాలాలో వ్రాసినాడు. అనగా దర్బారు ఒక వైపు, మతపెద్దలు ఒక వైపు ఆయనను కాదన్నారు. జాషువాకు ఆ కవి ఎందుకంత ఆత్మీయుడైనాడో వేరుగా చెప్పనక్కరలేదు. మన పెద్దలు చేసిన అన్యాయమును ఒక క్రైస్తవ కవి మనకు జ్ఞాపకము చేసినాడు. తన పెద్దలు తనకు చేసిన అన్యాయమును ఆయన ఒక ముస్లిము కవి కథలో చూచుకొన్నాడు. పీఠికాపురమున ఉమర్ ఆలీషా కవి ముస్లిమై పుట్టి తెలుగు పద్యమును సాధించి 1945లో కీర్తిశేషులైనారు. జాషువా ఆయనకు సమకాలికులు. ఇరువురును తెలుగు ఎవరి ఒక్కరి ఆస్తియు కాదని తమ రచనలతో నిరూపించినారు.

1941లో వచ్చిన గబ్బిలము జాషువా కీర్తికి శిఖరము. కాళిదాసుని యక్షుడు మేఘముచేత ప్రియురాలికి కబురు పంపినాడు. జాషువా కావ్యములోని అరుంధతీ సుతుడు, అనగా అంటరాని పేదవాడు, గబ్బిలముచేత కైలాసమునందలి శివునికి తన మొర పంపుకొన్నాడు. హంసలు, చిలుకలు, మేఘములు దూతలైన కావ్యలోకములో అశుభమని జనము తరిమివేయు గబ్బిలము దూతయగుట మునుపు లేదు. దూతగా దానినే ఎన్నుకొనుటలో గొప్ప తర్కము కలదు. గబ్బిలము గుడి లోపల తలక్రిందుగా వ్రేలాడుచు దేవుని సమీపముననే ఉండును. దానిని ఎవరును వెడలగొట్టరు. ఆ గుడికి రాళ్ళు మోసినవాని మనుమనికి మాత్రము గడప దాటు అధికారము లేదు. హనుమచ్ఛాస్త్రి గారు చెప్పిన మేఘసందేశ పాఠము ఈ విధముగా ఫలించినది.

కోరుకొండవారికి ఈ కావ్యము బోధపడుటకు పెద్ద వ్యాఖ్యానము అక్కరలేదు. మన కొండమీది లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు ఆరువందలకు పైగా మెట్లు కలవు. ఫాల్గుణమాసపు కల్యాణోత్సవమునకు జనము తండోపతండములుగా ఆ మెట్లెక్కుదురు. నేడు ఎక్కువారిలో ఎవరిని ఎవరును కులము అడుగరు. మద్రాసు రాష్ట్రములో దేవాలయ ప్రవేశమునకు మార్గము సుగమము చేసిన చట్టము 1939లోను, ఆ ప్రవేశమును హక్కుగా స్థిరపరచిన చట్టము 1947లోను వచ్చినవి. గబ్బిలము వెలువడినది ఈ రెండు చట్టముల నడుమ. దేశమంతటను తలుపులు సగము తెరచి సగము మూసియున్న కాలమది.

జాషువా నిజముగా దైవభక్తుడేనా అని ప్రశ్నించువారు కలరు. ఆయనను భక్తుడని కొందరు, హేతువాది యని కొందరు, మానవతావాది యని కొందరు అందురు. ఆయన తనను విశ్వమానవునిగా చెప్పుకొన్నారు. కుమార్తె హేమలత నాస్తికోద్యమ నాయకుడైన గోరా గారి కుమారుడు లవణంను వివాహమాడినది. ఆయన పద్యములలో దేవునిపై నిష్ఠురములు లేకపోలేదు. రాతిబొమ్మకు నైవేద్యములు పెట్టి ఆకలిగొన్న మనిషిని తరుము లోకముపై ఆగ్రహము ఉన్నది. అయితే మా అభిప్రాయములో నిష్ఠురము నాస్తికత్వము కాదు. వినువాడు ఒకడున్నాడని నమ్మినవాడే మొర పెట్టుకొనును. అయ్యూబ్ ప్రవక్త, క్రైస్తవులు యోబు అనువారు, సంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయి తన బాధను దేవునికే విన్నవించుకొన్నాడు, మనుష్యులను ఆశ్రయింపలేదు. బైబిలులోని యోబు గ్రంథములో ఆయన దేవునితో వాదించును కూడ. ఆయనను ఓదార్చవచ్చిన మిత్రులు, ఈ బాధకు నీ పాపమే కారణమని బోధించినారు. కథాంతమున దేవుడు తన్ను గూర్చి సరిగా పలుకలేదని ఆ మిత్రులను మందలించినాడు. అన్యాయముగా బాధపడువానిని చూచి అది వాని కర్మ యనుట తేలిక. గబ్బిలములోని పేదవాడు ఆ కర్మ సిద్ధాంతమునే ప్రశ్నించినాడు. ప్రశ్నించి, తన అర్జీని మాత్రము దేవుని యొద్దకే పంపినాడు. దైవముపై నమ్మకమునకు ఇంతకంటె నిదర్శనము మేము కోరము.

1958లో జాషువా క్రీస్తు చరిత్ర ప్రకటించినారు. తెలుగులో క్రైస్తవ సాహిత్యమునకు అప్పటికే పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తుల కీర్తనలతో ఒక చక్కని సంప్రదాయము కలదు. ఆ సంప్రదాయము ప్రధానముగ ఆలయములలో పాడుకొనునది. జాషువా క్రీస్తు జీవితమును పద్యకావ్యముగా రచించి తెలుగు కావ్యముల నడుమ నిలిపినారు. వెలివేసిన సంఘమునకు ఆయన ఇచ్చిన సమాధానము ఈ గ్రంథమే.

ఈ గ్రంథమునకు ఆధారమైన సువార్త కథను ఒకసారి తలచుకొందము. క్రీస్తు వడ్రంగి ఇంట పెరిగినవాడు. శిష్యులుగా పిలిచినది చేపలు పట్టువారిని, పన్ను వసూలుచేయువారిని. ముట్టరాదన్న కుష్ఠరోగులను ముట్టినవాడు. ఆయనను అప్పగించినది శిష్యులలో ఒకడు. ఎరుగనని బొంకినది మరియొకడు. దోషము కనబడలేదని పలుకుచునే శిక్షకు అప్పగించినది న్యాయాధిపతి పిలాతు. గెత్సేమనే తోటలో ఆయన ఈ బాధ తప్పింపుమని దేవుని వేడుకొని, ఆ వెంటనే దైవసంకల్పమునకు తలయొగ్గినాడని సువార్తలు చెప్పును. సిలువ సంఘటన విషయములో మన విశ్వాసము వేరు, క్రైస్తవుల విశ్వాసము వేరు. ఈ భేదమును దాచుట మా ఉద్దేశము కాదు. కాని ఈసా ప్రవక్తను గౌరవింపని ముస్లిము లేడు. ఆయన సహాయకులైన హవారీలను ఖుర్ఆను ప్రశంసించినది. వేడుకొనుట, తలయొగ్గుట అను రెండును ఒకే ప్రార్థనలో ఉండవచ్చునన్న సత్యమును ఇరుమతములవారును గ్రహింపగలరు. అన్యాయపు తీర్పు ఎట్లుండునో బాల్యము నుండి ఎరిగిన కవికి ఈ కథ పుస్తకములో చదివిన కథవలె గాక తన వాడలో జరిగిన కథవలె తోచియుండును.

శిష్యత్వమనగా గురువు పేరు పెట్టుకొనుట మాత్రమే కాదు. గురువు పడిన బాధలో పాలు పంచుకొనుట. ఈ కొలతతో కొలిచినచో జాషువాను వెలివేసినవారికంటె వెలిపడిన జాషువాయే శిష్యుడని మేము తలంతుము.

న్యాయము ఆలస్యముగానైనను వచ్చినది. గోదావరి సీమలో కడియమునకు చెందినవారు, తిరుపతి వేంకట కవులలో ఒకరు అయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయముగా జాషువా కాలికి గండపెండేరము తొడిగి, ఆ పాదమును తాకుట తనకు ధన్యతగా భావించినారు. ఒకనాడు సభలోనికి రానీయని కులము పాదము అది. తొడిగిన చేయి ఆంధ్రదేశములోని పండితులందరును గురువుగా పూజించిన బ్రాహ్మణుని చేయి. మహమూదు పంపిన బంగారము ఫిరదౌసికి అందలేదు. ఈ గండపెండేరము జాషువాకు ప్రాణముండగనే అందినది. తెలుగుజాతి ఆ పాపమునుండి కొంత బయటపడినది.

1957 నుండి 1959 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పనిచేసినారు. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులైనారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతోను, భారత ప్రభుత్వము పద్మభూషణ పురస్కారముతోను సత్కరించినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, విశ్వకవి సమ్రాట్టు మున్నగు బిరుదములు లోకమిచ్చినవి. తన జీవితమును నా కథ యను పేర పద్యములలో తానే చెప్పుకొన్నారు. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కన్నుమూసినారు. కుమార్తె హేమలతా లవణం గారు జోగినీ దురాచార నిర్మూలనకు, స్టూవర్టుపురము నేరస్థుల పరివర్తనకు కృషిచేసి 2008లో పరమపదించినారు. తండ్రి పద్యములో చేసిన పనిని ఆమె పల్లెలలో తిరిగి చేసినారు.

జాషువా గాథ బిరుదములతో ముగిసినదని తలచి ఊరటపడుటకు వీలులేదు. 1950 నాటి రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును నిషేధించినది. అదే సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేసినారు. క్రైస్తవులకు, ముస్లిములకు వర్తింపజేయలేదు. మతము మారినను ఊరి బావియొద్ద మారని కులము చట్టము కాగితముపై మాత్రము మారిపోయినది. గుడికిని గుడిసెకును నడుమ గబ్బిలము ఎగిరినట్లు, ఈ ప్రశ్న న్యాయస్థానములకును ప్రభుత్వమునకును నడుమ ఎన్నో ఏండ్లుగా ఎగురుచున్నది.

మన కళాశాలలో చదువు విద్యార్థులకు ఒక మాట. మీలో కొందరి ఇండ్లలో ఉర్దూ, కొందరి ఇండ్లలో తెలుగు మాట్లాడుదురు. కొందరు నమాజునకు, కొందరు ప్రార్థనాలయమునకు, కొందరు కొండమీది గుడికి పోవుదురు. ఈ భాష నీకెందుకని, ఈ పద్యము నీదెట్లని మిమ్ము అడుగువారు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగుదురు. అప్పుడు చిన్నబోయి పుస్తకము మూయకుడు. మూడు రూపాయల జీతగాడు, రాజమహేంద్రవరపు చీకటిశాలలో నోరులేని బొమ్మలకు గొంతు అరువిచ్చినవాడు, రెండు గుమ్మముల యొద్ద వెలిపడినవాడు ఏమి చేసినాడో తలచుకొనుడు. ఆయన పుస్తకము మూయలేదు, దేవుని పేరు మరువలేదు, మనిషిని ద్వేషింపలేదు. తనకు దక్కవలసిన వారసత్వమును తానే పద్యము పద్యముగా సంపాదించుకొని మనకందరకు పంచిపెట్టి పోయినాడు. అందులో మీ భాగము మీకున్నది. తీసికొనుడు.